పాత సాఫ్ట్‌వేరు: నవీకరణమా, పరిత్యాగమా?

వర్షకాలము రాకమునుపే పెంకుటింటి యజమానుడు కప్పునెక్కి చూచును. పగిలిన పెంకులను మార్చిన చాలునా, వాసములును పుచ్చిపోయినవా, కప్పునంతయు దింపి వేరు విధముగా కట్టవలయునా అని విచారించును. వాన కురియుచుండగా ఈ విచారణకు దిగువాడు మిక్కిలి నష్టపడును. కంప్యూటరులలో మనము వాడుకొను సాఫ్ట్‌వేరు విషయమునను ఇట్టి విచారణయే యవసరము. పాతబడిన ప్యాకేజిని క్రొత్త రూపమునకు తెచ్చుకొనుట మేలా, దానిని విడిచి వేరొకదానిని చేపట్టుట మేలా? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొను పద్ధతిని ఈ పాఠములో వివరింపదలచితిమి. మన పైతరగతుల విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్నారు. తల్లిదండ్రులలో పలువురు దుకాణపు లెక్కలకును, కార్యాలయపు పనులకును కంప్యూటరును వాడుచున్నారు. గనుక ఇది ఎల్లరకును ఉపయోగపడునని నమ్ముచున్నాము.

ఓపెన్ సోర్స్ ప్యాకేజి యననేమి?

ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి పనిని మొదటినుండి తానే చేయనక్కరలేదు. బొమ్మల పరిమాణము తగ్గించుట, తేదీలను లెక్కించుట, పట్టికలను చదువుట మొదలగు పనులకు ఇతరులు ముందే వ్రాసియుంచిన ప్రోగ్రాముల కట్టలు కలవు. అట్టి కట్టకే ప్యాకేజి యని పేరు. దాని మూలపాఠమును ఎల్లరు చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును లైసెన్సు అనుమతించినయెడల అది ఓపెన్ సోర్స్ ప్యాకేజి యగును. కొన్నిటిని కంపెనీల యుద్యోగులు పోషించుచున్నారు. మరికొన్నిటిని ఒకరిద్దరు వ్యక్తులు తమ విరామకాలములో, ప్రతిఫలము లేకయే కాపాడుచున్నారు. ఈ భేదమును మరువరాదు. వెల చెల్లింపనక్కరలేని వస్తువునకు పోషణ యక్కరలేదని తలంచుట పొరపాటు.

వయస్సు దోషము కాదు

పాతదంతయు పనికిరానిదని యెంచరాదు. గణితగ్రంథములను అందముగా అచ్చొత్తుటకు డొనాల్డ్ నూత్ అను ఆచార్యుడు 1978లో టెక్ అను సాఫ్ట్‌వేరును వెలువరించెను. దానిలోని తప్పులను ఆయన కొన్ని సంవత్సరముల కొకమారు దిద్దుచునే వచ్చెను. 2021లోను అట్లు దిద్దెను. దిద్దినప్పుడెల్ల దాని సంఖ్యకు పై విలువలోని ఒక అంకె చేరుచుండును. ఎస్‌క్యూఎల్ లైట్ అను దత్తాంశముల భాండారము 2000వ సంవత్సరమునుండి యున్నది. దానిని 2050 వరకు పోషింప నుద్దేశించుచున్నామని దాని కర్తలు ప్రకటించిరి. ఇవి వయస్సుచేత పాతవైనను దిక్కులేనివి కావు. మరియొక ప్యాకేజి పుట్టి ఐదేండ్లే కావచ్చును. కాని దానిలో తప్పు కనబడినప్పుడు పలుకువాడెవడును లేనియెడల అది అనాథయే. గనుక మొదట అడుగవలసినది “దీని వయస్సెంత?” అని కాదు, “దీనికి జవాబుదారి యెవరు?” అని.

పైథాన్ కథ

ఈ విషయమును బోధించుటకు పైథాన్ భాషకంటె తగిన దృష్టాంతము లేదు. నెదర్లాండ్సు దేశీయుడైన గైడో వాన్ రోసమ్ దీనిని 1991లో లోకమునకు వెల్లడించెను. 2000లో పైథాన్ 2 వచ్చెను. అందలి కొన్ని మూలదోషములను తీర్చుటకై 2008 డిసెంబరులో పైథాన్ 3ను విడుదల చేసిరి. అయితే ఈ దోషములను తీర్చుటలో పాత ప్రోగ్రాములు క్రొత్త భాషలో ఉన్నవి ఉన్నట్లు నడువకుండ పోయెను. అందుచేత లోకమంతటను అనేకులు పాతదానినే పట్టుకొనియుండిరి. పైథాన్ 2నకు పోషణ 2015లో ముగియునని మొదట చెప్పినను, 2014లో ఆ గడువును 2020 వరకు పొడిగించిరి. 2020 జనవరి 1వ తేదీతో ఆ పోషణ ముగిసెను. 2.7.18 అను కడపటి ప్రతి అదే సంవత్సరము ఏప్రిలులో వెలువడెను. ఆ పిమ్మట దానిలో ఎట్టి లోపము బయటపడినను దానిని దిద్దు బాధ్యత ఆ భాషా సంఘమునకు లేదు.

ఈ మార్పులలో కొన్ని కేకవేసి తెలియజేయును. కొన్ని మౌనముగా నుండును. ప్రింట్ అను ఆజ్ఞకు పైథాన్ 3లో కుండలీకరణములు కావలెను. అవి లేనియెడల ప్రోగ్రాము వెంటనే ఆగి తప్పు చూపును. ఇది కేకవేయు మార్పు. దీనివలన భయము లేదు. భాగహారమునందలి మార్పు అట్టిది కాదు. పైథాన్ 2లో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యచే భాగించిన భిన్నభాగము రాలిపోవును. ఆరు పాఠ్యాంశములలో ఒక విద్యార్థికి 437 మార్కులు, మరియొకనికి 434 మార్కులు వచ్చినవనుకొందము. 6చే భాగించిన పైథాన్ 2 ఇద్దరికిని 72 సగటుగా చూపును. పైథాన్ 3 మొదటివానికి 72.83, రెండవవానికి 72.33 అని చూపును. మొదటివాడు కష్టపడి తెచ్చుకొన్న మూడు మార్కుల ఆధిక్యము పాత లెక్కలో మాయమైపోయెను. అయినను ప్రోగ్రాము ఎట్టి కేకయు వేయలేదు.

పాత ప్రోగ్రామును క్రొత్త భాషలోనికి మార్చుటకు “టూ టు త్రీ” అను ఉపకరణమును ఇచ్చిరి. అది ప్రింట్ ఆజ్ఞలను తానే సవరించును; భాగహారమును మాత్రము ముట్టదు. ఏలయన భిన్నము కావలయునో, పూర్ణసంఖ్య మాత్రమే కావలయునో ఉపకరణమునకు తెలియదు. ప్రోగ్రాము వాడువాడే చెప్పవలెను. పూర్ణసంఖ్యయే కావలసినచోట క్రొత్త భాషలో రెండు వాలుగీతలు పెట్టుదురు. ఇందువలన యంత్రమునకు అప్పగింపదగిన పనియు, మనుష్యుడే ఆలోచింపవలసిన పనియు వేరువేరని తెలియుచున్నది.

తెలుగువారమైన మనకు మరియొక మార్పు ముఖ్యము. “తెలుగు” అను పదమును మనము మూడక్షరములుగా పలుకుదుము. యూనికోడు పద్ధతిలో త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతములగును. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కొక్క సంకేతమునకు మూడేసి బైట్లు, మొత్తము 18 బైట్లు పట్టును. పైథాన్ 2లో సామాన్యముగా కొటేషను గుర్తులనడుమ వ్రాసిన పదము బైట్ల వరుస మాత్రమే. అట్లు దాచిన ఆ పదము పొడవు 18 అని చూపును. యూనికోడు పదములకు వేరొక జాతి యున్నను, దానిని వాడుటకు ప్రత్యేకముగా గుర్తుపెట్టవలసియుండెను. పైథాన్ 3లో పదమనగా యూనికోడు పదమే. దాని పొడవు 6. పాత పద్ధతిలో పేరును నాలుగవ బైటు వద్ద తెంపినయెడల అక్షరము నడుమ విరిగి, వికారమైన గుర్తు అచ్చుపడును. తమ బిడ్డ పేరు ప్రోగ్రెసు కార్డుమీద తెలుగులో సరిగా కనబడవలెనని కోరు తల్లిదండ్రులకు ఇది చిన్న సంగతి కాదు.

ఒకదానిపై నొకటి

నవీకరణము ఇంతటి మేలైనదైతే లోకులు పండ్రెండేండ్లు ఏల ఆలస్యము చేసిరని విద్యార్థులు అడుగవచ్చును. ఒక ప్యాకేజి మరియొకదానిపై, అది వేరొకదానిపై ఆధారపడి నిలిచియుండుటయే ముఖ్యకారణము. అడుగుదానిని కదల్చిన పైవన్నియు కదలును. బొమ్మలను సవరించు పిల్ అను ప్యాకేజి యొకటి యుండెను. దాని కడపటి ప్రతి 2009లో వచ్చెను. అది పైథాన్ 3లో నడువదు. దానినే నమ్మినవారు భాషను మార్చుకొనజాలకపోయిరి. అయితే అది ఓపెన్ సోర్స్ గనుక, 2010లో ఇతరులు ఆ మూలపాఠమును గైకొని పిల్లో అను పేరుతో కొనసాగించిరి. నేడు బొమ్మల పనికి పిల్లోయే విరివిగా వాడుకలో నున్నది. ఒక కర్త విడిచిన పనిని మరియొకడు న్యాయముగా అందుకొనగలుగుటయే ఓపెన్ సోర్స్ యందలి గొప్ప మేలు. కాని అందుకొనువాడొకడు వచ్చి తీరునన్న పూచీ మాత్రము లేదు.

ఈ మార్పునకు పట్టిన కాలమును చూడుడు. ఇన్‌స్టాగ్రామ్ వారు సుమారు పది నెలలలో, 2017 నాటికి, పైథాన్ 3నకు మారిరి. గైడో వాన్ రోసమ్ పనిచేయుచుండిన డ్రాప్‌బాక్స్ సంస్థయే తన ప్రోగ్రామును మార్చుటకు 2015 మొదలు 2018 వరకు శ్రమపడెను. ఎలక్ట్రానిక్ పుస్తకములను చదువుటకును సవరించుటకును ఉపకరించు క్యాలిబర్‌ను నిర్మించిన కోవిద్ గోయల్ భారతీయుడు. పైథాన్ 2ను తానే కాపాడుకొనగలనని ఆయన మొదట చెప్పెను. అయినను 2020 సెప్టెంబరులో క్యాలిబర్ 5ను పైథాన్ 3పైనే విడుదల చేసెను. నిపుణులకే ఇంత కాలము పట్టినప్పుడు, గడువు ముగిసినపిమ్మట మేలుకొనుట సామాన్యులకు తగదు.

ఆలస్యమువలని కీడు

2017 మార్చి మొదటి భాగములో అపాచీ స్ట్రట్స్ అను ఓపెన్ సోర్స్ ప్యాకేజియందు మహాలోపమొకటి బయటపడెను. దాని కర్తలు తోడనే దిద్దిన ప్రతిని ఉచితముగా ఇచ్చిరి. అమెరికాలో ప్రజల ఋణచరిత్రలను భద్రపరచు ఈక్విఫాక్స్ సంస్థ తన వ్యవస్థలలో ఒకదానిని దిద్దక విడిచెను. మే నెలలో దొంగలు ఆ లోపము ద్వారానే ప్రవేశించి జూలై వరకు సమాచారము దొంగిలించిరి. సుమారు 14 కోట్ల 70 లక్షలమంది పేర్లు, పుట్టినతేదీలు మున్నగునవి పరహస్తగతములాయెను. ఆ ప్రజలలో ఏ యొక్కరును స్ట్రట్స్‌ను ఎన్నుకొనలేదు; పలువురు దాని పేరైనను వినియుండరు. ఎన్నుకొనినవారొకరు, నష్టపడినవారు వేరొకరు. ఈ వృత్తాంతములోని నీతి యిదియే. ఇతరుల సమాచారము మన చేతనున్నప్పుడు మనము దానికి యజమానులము కాము, గృహనిర్వాహకులము మాత్రమే.

నిర్ణయమునకు ఆరు ప్రశ్నలు

పాత ప్యాకేజి విషయమై నిర్ణయము చేయుటకు ముందు ఈ ఆరు ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసి జవాబులు నింపవలెను.

1. దీనిని ఎవరైనను పోషించుచున్నారా? కడపటి ప్రతి ఎప్పుడు వచ్చినది? తెలిపిన తప్పులకు జవాబు వచ్చుచున్నదా? పోషణ ముగియు తేదీ ప్రకటింపబడినదా?

2. దీనిలో మనము వాడుకొనునది ఎంత? పెద్ద ప్యాకేజిలో ఒక్క చిన్న పనికై దానిని నిలుపుకొనియున్నయెడల, ఆ పనిని భాషతోపాటు వచ్చు సాధనములతోనే చేయవచ్చునేమో చూడవలెను.

3. దీనిపై ఆధారపడినవేవి? ఇది ఆధారపడినవేవి?

4. ఇది ఇంటర్నెట్టునకు అంటియున్నదా? దీని లోపల ఎవరి సమాచారము కలదు?

5. మార్పునకు ఎన్ని దినములు పట్టును? ఆ పని చేయుటకు తెలిసినవారెవరు? ఫలితము సరియైనదని ఎట్లు పరీక్షింతుము?

6. దీనిని విడిచినయెడల మన దత్తాంశములను సామాన్యమైన పట్టికరూపమున బయటకు తీసికొనగలమా?

జవాబులనుబట్టి నాలుగు మార్గములు కనబడును. పోషణ యున్నచో నవీకరింపవలెను. మూలకర్త విడిచినను ఇతరులు నమ్మకముగా కొనసాగించుచున్నచో, పిల్ వదలి పిల్లోకు వచ్చినట్లు, వారి ప్రతిని చేపట్టవలెను. రెండును లేనియెడల దత్తాంశములను తీసికొని ప్యాకేజిని పరిత్యజింపవలెను. ఇక నాలుగవది: కొంతకాలము అట్లే ఉంచుట తప్పనిసరియైనచో, ఇంటర్నెట్టునకు తగులని కంప్యూటరులో ఉంచి, దానిని విడుచు తేదీని ముందే వ్రాసిపెట్టవలెను. తేదీ లేని నాలుగవ మార్గము మార్గము కాదు, అది వాయిదా. లోపము కనబడినచోటనెల్ల చిన్న అతుకు వేసికొనుచు పోవుదమనువారును కలరు. పాత వస్త్రమునకు క్రొత్తబట్ట అతుకువేయుటను గూర్చిన సువార్తలోని ఉపమానమును మన పిల్లలెల్లరు ఎరుగుదురు. బట్టయే చివికినప్పుడు అతుకు బలము బట్టకు రాదు.

ఒక మాదిరి నిర్ణయము

ఒక పాఠశాలలో చాలకాలము క్రిందట ఒక పూర్వవిద్యార్థి పైథాన్ 2లో ఒక ప్రోగ్రామును వ్రాసియిచ్చెననుకొందము. అది మూడు పనులు చేయును: మార్కుల సగటు కట్టును, ప్రోగ్రెసు కార్డుమీద పిల్ సాయముతో ఫోటో అమర్చును, జీతముల వసూలు పట్టికను చూపును. వ్రాసినవాడు ఉద్యోగరీత్యా దూరమేగెను. ఇప్పుడేమి చేయవలెను?

అంతయు ఉంచుటయో, అంతయు పారవేయుటయో అను రెండే దారులు కలవని తలంపరాదు. మూడు పనులకును మూడు నిర్ణయములు కావచ్చును. మార్కుల భాగము పాఠశాల నియమములను అనుసరించి వ్రాసినది. అట్టిది వెలుపల దొరకదు. గనుక దానిని పైథాన్ 3లోనికి నవీకరింపవలెను. ఫోటోల భాగమునకు పిల్‌ను తీసివేసి పిల్లోను పెట్టవలెను. రెండును ఒకేచోట ఇమడవు గనుక మొదట పాతదానిని తొలగింపవలెను. జీతముల పట్టిక సామాన్యమైన పని. లిబ్రెఆఫీసు వంటి సాధనములోని పట్టికయే చాలును. ఆ భాగమును విడనాడవలెను.

పని చేయు క్రమము ఇట్లుండవలెను. మొదట అన్నిటికిని నకలు తీసి వేరుచోట దాచవలెను. పిమ్మట కడచిన సంవత్సరపు మార్కులనే పాత ప్రోగ్రామునకును, క్రొత్త ప్రోగ్రామునకును ఇచ్చి, ఫలితములను వరుసవెంట వరుసగా పోల్చవలెను. భేదము కనబడినచోటనెల్ల ఆగి కారణము వెదకవలెను. అప్పుడు పైన చెప్పిన 437, 434 మార్కుల సంగతి బయటపడును. పాత కార్డులలో ఇద్దరికిని 72 అనియే పడి, ఒకే ర్యాంకు వచ్చియుండును. ఇక్కడ ప్రశ్న కంప్యూటరుది కాదు. సగటును దశాంశముతో వ్రాయవలయునా? ర్యాంకును మొత్తము మార్కులనుబట్టియే ఇయ్యవలయునా? ఈ నియమమును ప్రధానోపాధ్యాయులును ఉపాధ్యాయులును కూడి నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమును తల్లిదండ్రులకు తెలుపవలెను. ప్రోగ్రాము మార్చువాడు తనంతట తాను ఒకదానిని ఎన్నుకొని ఊరకుండుట న్యాయము కాదు. పాత ర్యాంకులచే ఎవరికైనను బహుమానము తప్పిపోయియుండిన, దానిని మరుగుపరచుటయు న్యాయము కాదు.

కడపట, చేసిన మార్పులను, ఏ ప్యాకేజి ఏ ప్రతి వాడుచున్నదియు ఒక పుస్తకములో తేదీలతో వ్రాసియుంచవలెను. సంవత్సరమున కొకమారు, వేసవి సెలవులలో, ఆ ఆరు ప్రశ్నలను మరల వేసికొనవలెను.

మన ఋణము

ఉచితముగా పొందినవారము ఏమియు ఋణపడలేదని తలంచుట కృతఘ్నత. ప్యాకేజిలో తప్పు కనబడినప్పుడు దానిని స్పష్టముగా, మర్యాదగా కర్తకు తెలుపుట మన చేతనగును. తెలుగు అక్షరములు విరుగుచున్నవని తెలుగువారే చెప్పకున్న అన్యదేశస్థుడైన కర్తకు ఎట్లు తెలియును? శక్తిగల విద్యార్థి దిద్దుబాటును వ్రాసి పంపవచ్చును; శక్తిగల సంస్థ కొంత ధనసహాయము చేయవచ్చును. ఒక ప్యాకేజిని విడిచినను, దాని కర్తను నిందింపరాదు. ఆయన తన కాలమును వెచ్చించి ఇన్నేండ్లు మనకు పనిచేసెను. ఇక చాలునని చెప్పుటకు ఆయనకు హక్కు కలదు. ఆయన చాలునన్న దినమునుండి ఆ ప్యాకేజికి జవాబుదారి దానిని వాడుకొనువాడే. ఆ భారమును మోయగలవాడు ఉంచుకొనవచ్చును. మోయలేనివాడు తగిన కాలములో విడువవలెను.

అభ్యాసము

1. మీ యింటి కంప్యూటరులోగాని ఫోనులోగాని ఉన్న ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ఎన్నుకొని పై ఆరు ప్రశ్నలకు జవాబులు వ్రాయుడు.

2. 511, 509 మార్కులను 6చే భాగించి, పైథాన్ 2 పద్ధతిలోను పైథాన్ 3 పద్ధతిలోను సగటులను కనుగొనుడు. ఈ రెండు సంఖ్యల విషయమున రెండు పద్ధతులలోను క్రమము నిలుచునా? కారణము చెప్పుడు.

3. మీ పేరు తెలుగులో వ్రాసినప్పుడు ఎన్ని యూనికోడు సంకేతములు, యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు అగునో లెక్కింపుడు.

4. ఒక దుకాణదారుడు పోషణ ముగిసిన ప్యాకేజితో ఖాతాదారుల ఫోను సంఖ్యలను దాచుచున్నాడు. అతనికి మీరిచ్చు సలహాను పది పంక్తులలో వ్రాయుడు.